ఆఖరి గడిలో ఏం రాయాలి?

(గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



గిడుగు పంతులుగారి పేరు ఎత్తగానే మనకు భాషోద్యమం గుర్తొస్తుంది. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ ఉద్యమం ఎక్కడ పుట్టిందో మాత్రం అంతగా చెప్పుకోం. అది బడిలో పుట్టింది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు అంతుపట్టలేదు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు ఇంకొకటి. ఈ తేడా ఎందుకని విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దానికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు అని ఆయన చెప్పారు. ఆ నలుగురి మధ్య సాగిన ఆలోచనల్లోంచే వ్యావహారిక భాషోద్యమానికి అంకురం పడింది.

ఇందులో నన్ను ఆపి నిలబెట్టే సంగతి ఒకటుంది. యేట్స్ చూసిన ఆ తరగతిని అప్పటికే ఎందరో పంతుళ్లు రోజూ చూస్తున్నారు. చూస్తున్నారనడం కూడా సరిపోదు, అందులోనే బతుకుతున్నారు. అయినా ప్రశ్న బయటి మనిషి నోట రావలసివచ్చింది. రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి బడిలో చేరారు. యేట్స్ ప్రశ్న ఆయన చెవిన పడేనాటికి పాతికేళ్లకు పైబడిన అనుభవం ఉంది. అంత అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి ప్రశ్నను సాధారణంగా నవ్వి వదిలేస్తారు. ఆయన వదల్లేదు. పిల్లలకు మనం ఏ భాషలో, ఎందుకు, ఎలా చెబుతున్నామన్న విచారణను మిగిలిన జీవితమంతా మోశారు.

అందుకే ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఈ విషయం ఎంచుకున్నాను: బడిలో పాఠం చెప్పే మనిషి తన పనిని తానే ఎలా పరిశీలించుకోవాలి?

ఇక్కడున్న టీచర్లందరికీ తెలిసిన ఒక కాగితంతో మొదలుపెడతాను. మన పీరియడ్ ప్లాన్‌లో చివర ఒక గడి ఉంటుంది, ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు అని. పాఠం అయ్యాక రాసుకోవలసిన గడి అది. నేను చూసిన ప్లాన్లలో ఆ గడి రెండు రకాలుగా ఉండేది. ఒకటి, ఖాళీగా. రెండు, ఈ మూడు వాక్యాలతో: పాఠం సంతృప్తికరంగా జరిగింది, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు, వెనుకబడిన విద్యార్థులపై మరింత శ్రద్ధ పెట్టాలి. ఆరో తరగతి సైన్సుకూ ఇవే, పదో తరగతి సోషల్‌కూ ఇవే. రాసేవాళ్లు అబద్ధాలకోరులని నేననను. ఆ గడి కింద హెచ్‌ఎం సంతకం చేస్తారు, తనిఖీకి వచ్చినవారు తిరగేస్తారు. ఈ రోజు భిన్నాలు చెప్పాను, సగం మందికి ఎక్కలేదు అని అక్కడ రాసే ధైర్యం ఎవరికుంటుంది? రాస్తే, ఎక్కేలా ఎందుకు చెప్పలేదని అడుగుతారు. పైవాళ్లు దిద్దే చోట మనిషి తన సందేహం రాసుకోడు.

భయం ఒక్కటే కారణం కూడా కాదు. నిజాయితీగా రాద్దామని కూర్చున్న టీచరుకు సైతం ఏం రాయాలో తోచదు. ఎందుకంటే మనం మన జ్ఞాపకాన్ని అడుగుతున్నాం, పాఠం ఎలా జరిగింది అని. పాఠం చెబుతున్న మనిషి జ్ఞాపకం నమ్మదగ్గ సాక్షి కాదు. నలభై అయిదు నిమిషాల్లో మనకు గుర్తుండేది ముందు బెంచీలో చెయ్యెత్తిన ముగ్గురి ముఖాలు, అల్లరి చేసిన ఒకడి ముఖం. మధ్యలో కూర్చున్న ముప్ఫై మందీ ఉత్సాహంగా పాల్గొన్నారు అన్న మాటలో కలిసిపోతారు.

తరగతిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా వినండి. కిరణజన్య సంయోగ... అని టీచరు ఆగుతారు. క్రియ! అని తరగతి మొత్తం అరుస్తుంది. మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారు చేసుకుంటాయి? ఆకు... ల్లో! అర్థమైందా? అయింది సార్! బయట నడవాలో వెళ్లేవారికి ఇది మంచి సందడిగల తరగతిలా వినిపిస్తుంది. ఆ అరుపులో పిల్లలు పూర్తి చేసింది సగం మాటను మాత్రమే. పత్రహరితం ఏం చేస్తుందో, వెలుతురు లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. అర్థమైందా అన్న ప్రశ్నకు కాలేదు అని జవాబిచ్చిన తరగతి ఎక్కడైనా ఉందా? అది అలవాటుగా నోటికొచ్చే మాట. అలవాటుగా వచ్చే జవాబు దాని వెంటే వస్తుంది.

మనం బీఈడీలో ఫ్లాండర్స్ వర్గీకరణ చదువుకున్నాం. తరగతిలో వినబడే మాటను మూడేసి సెకన్లకు ఒకసారి పది రకాల్లో ఒకటిగా గుర్తించుకుంటూ పోయే పద్ధతి. ఏడు టీచరు మాటకు, రెండు పిల్లల మాటకు, ఒకటి మౌనానికో గందరగోళానికో. ఆ పదీ కంఠతా పట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాం. ఉద్యోగంలో చేరాక దాన్ని ఒక్కసారైనా మన తరగతి మీద వాడి చూసినవాళ్లు ఎందరు? తరగతిలో ఎవరో ఒకరు మాట్లాడే సమయంలో సుమారు మూడింట రెండు వంతులు టీచరే మాట్లాడతారని ఫ్లాండర్స్ గమనించారు. అది అమెరికా తరగతుల సంగతి. మన దగ్గర ఎంతన్నది ఎవరి తరగతిలో వారు చూసుకోవలసిందే. అందుకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోనుతో పది నిమిషాల పాఠం రికార్డు చేసుకుని, ఇంటికి వెళ్లే బస్సులో చెవిలో పెట్టుకుని విని, ఆ తర్వాత తుడిచేస్తే చాలు. ఎవరికీ వినిపించనక్కర్లేదు.

వింటే ఏం తెలుస్తుంది? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల సైన్సు పాఠాలు టేపుల మీద రికార్డు చేసి విన్నారు. ఆమె పరిశోధనలు 1970లలో వెలువడ్డాయి. ప్రశ్న అడిగాక జవాబు కోసం టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. ఆ సెకను గడిస్తే ప్రశ్నను మళ్లీ అడుగుతారు, లేదా ఇంకొకరిని లేపుతారు, లేదా జవాబు తామే చెప్పేస్తారు. ఆ ఆగడాన్ని 3 సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, తెలియదనడం తగ్గింది, లేపకుండానే మాట్లాడే పిల్లలు పెరిగారు. మెరుగైన పిల్లలనుకున్న వారికోసం టీచర్లు కాస్త ఎక్కువసేపు ఆగుతున్నారని, వెనకబడ్డారనుకున్న వారికోసం తక్కువ ఆగుతున్నారని కూడా ఆమె గుర్తించారు. ఎక్కువ సమయం కావలసిన పిల్లవాడికే మనం తక్కువ సమయం ఇస్తున్నామన్నమాట. ఇది కావాలని చేసే టీచరు ఎవరూ ఉండరు. వాడు లేచి నిలబడి నీళ్లు నములుతుంటే, వాడి అవస్థ చూడలేక జాలితోనే కూర్చోమంటాం. ఆ జాలి వాడికేం చేస్తోందో టేపు వింటేగాని తెలియదు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బోధనను పరిశీలించుకోవడమంటే మనసులోకి తొంగిచూసుకోవడమని చాలామంది అనుకుంటారు. ఈ రోజు బాగా చెప్పానా, ఓపికగా ఉన్నానా, గొంతు సరిపోయిందా? ఈ ప్రశ్నలు తప్పు కావు గానీ ఎక్కువ దూరం తీసుకెళ్లవు. పరిశీలన చేతికి చిక్కే వస్తువుతో మొదలవ్వాలి. పిల్లవాడు రాసిన పేజీ, వాడు అన్న మాట, వాడు మానేసిన లెక్క, వీటిలో ఏదో ఒకటి ముందు పెట్టుకుని, వీడు ఇలా ఎందుకు చేశాడు అని అడగాలి. ఆ ప్రశ్నే కాసేపటికి మన పని మీదకు తిరుగుతుంది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. మూడో తరగతి పాప నోట్‌బుక్కు. రెండంకెల తీసివేతలు నాలుగు. 52లోంచి 27 తీస్తే 35 అని రాసింది. 61లోంచి 38 తీస్తే 37. 84లోంచి 46 తీస్తే 42. 75లోంచి 32 తీస్తే 43. ఎర్ర సిరాతో మూడు ఇంటూలు, ఒక టిక్కు. అడుగున నాలుగుకు ఒకటి, ఇంకా బాగా చేయాలి అన్న మాట. పుస్తకం పాపకు తిరిగి వెళ్లిపోయేదే. ఆ రోజు ఆ మాస్టారు ఎందుకో ఆ మూడు తప్పు జవాబులను పక్కపక్కన పెట్టి చూశారు. లెక్క రాని పిల్ల అయితే జవాబులు అడ్డదిడ్డంగా ఉండాలి. ఇవి అలా లేవు. 52, 27లలో ఒకట్ల స్థానంలో 2, 7 ఉన్నాయి, పాప 5 వేసింది. 61, 38లలో 1, 8 ఉన్నాయి, 7 వేసింది. 84, 46లలో 4, 6 ఉన్నాయి, 2 వేసింది. ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసింది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడలేదు. నాలుగో లెక్కలో పై అంకెలే పెద్దవి కాబట్టి జవాబు కుదిరింది. అంటే నాలుగు లెక్కలూ ఒకే పద్ధతిలో, ఒక్క పొరపాటూ లేకుండా చేసింది. టిక్కు పడిన లెక్కలోనూ ఆ పద్ధతే ఉంది.

మాస్టారు పాపను పిలిచి, ఇది ఎలా చేశావమ్మా అని అడిగారు. పాప తడుముకోకుండా చెప్పింది: రెండులోంచి ఏడు పోదు కదండీ, పెద్దదాంట్లోంచే కదా చిన్నది తీయాలి.

ఈ సూత్రం ఆ పాపకు ఎక్కడిది? ఒకటో తరగతిలో మనం చెప్పిందే. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు అని ఒకటో తరగతిలో ప్రతి బడిలోనూ వినబడుతుంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెలతో ఆడుకునే వయసులో ఆ మాట అక్కరకొస్తుంది. పాప దాన్ని శ్రద్ధగా విని, దాచుకుని, మూడో తరగతిలో నమ్మకంగా వాడింది. ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. శ్రద్ధ లేదని ఆ పిల్లను అనడానికి వీల్లేదు. ఆమె తప్పులో ఉన్నది మన మాటే.

మర్నాడు ఆ మాస్టారు చీపురుపుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టి తెచ్చారు. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు పాప చేతిలో పెట్టి, నాకు ఇరవై ఏడు ఇవ్వు అన్నారు. పాప రెండు కట్టలు ఇచ్చింది. ఏడు పుల్లలు ఇవ్వాలి, చేతిలో విడిగా రెండే ఉన్నాయి. కాసేపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఒక కట్టకు ఉన్న బ్యాండు తీసేసింది. మిగిలినవి లెక్కపెడితే ఇరవై అయిదు. నోట్‌బుక్కులో రాసిన ముప్ఫై అయిదుతో పోల్చి చూసుకుని, ఆ జవాబును తనే కొట్టేసింది.

ఆ మాస్టారు ఆ రోజు తన ప్లాన్‌లో ఏం రాశారో నేను చూడలేదు. రాయదలిస్తే ఆఖరి గడికి సరిపోయే మాట ఇంతే: పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలన్న మాట పిల్లల్లో నాటుకుపోయి ఉంది, రెండంకెల తీసివేతకు ముందు కట్ట విప్పడం చేయించాలి. ఇది వచ్చే ఏడాది అదే పాఠం చెప్పేటప్పుడు ఆయనకు పనికొస్తుంది, పక్క ఊరి టీచరుకూ పనికొస్తుంది. సంతృప్తికరంగా జరిగింది అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు.

తప్పు జవాబు వెనక పద్ధతి ఉంటుందని పరిశోధకులు ఎప్పుడో చూపించారు. 1973లో ఎర్ల్‌వాంగర్ అనే గణిత విద్యా పరిశోధకుడు బెన్నీ అనే పన్నెండేళ్ల అమెరికన్ కుర్రాడి గురించి రాసిన వ్యాసం ప్రసిద్ధం. ఎవరి వేగంతో వారు కార్డులు పూర్తి చేస్తూ పోయే పద్ధతిలో బెన్నీ లెక్కలు నేర్చుకుంటున్నాడు. పరీక్షలు దాటుతున్నాడు, బాగా చదివే పిల్లల్లో ఒకడని టీచరు నమ్మకం. కూర్చోబెట్టి మాట్లాడిస్తే బయటపడింది. పదింట రెండును దశాంశంగా రాయమంటే 1.2 అంటాడు. పదింట అయిదు అంటే 1.5. లవాన్నీ హారాన్నీ కూడి, మధ్యలో చుక్క పెట్టడం వాడి సూత్రం. ఆ లెక్కన నాలుగు బై పదకొండు, పదకొండు బై నాలుగు రెండూ 1.5 అయిపోయినా వాడికి ఇబ్బంది అనిపించలేదు. లెక్కల సూత్రాలు ఎవరో తెలివైనవాడు కల్పించినవని, జవాబు పట్టీలో ఉన్నదానికి సరిపడే జవాబు రాబట్టడమే పనని బెన్నీ అనుకున్నాడు. దశాంశాల్లో వాడు చేసిన తప్పు కంటే ఈ రెండో సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మన దగ్గర గైడు చూసి పది మార్కుల జవాబు బట్టీ పట్టే పిల్లలు చదువంటే ఏమనుకుంటున్నారో మనం ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగామా?

ఎందుకు అడగం? టీచరు వృత్తికి ఉన్న ఒక విచిత్రమైన ఇబ్బంది ఇందుకు కారణం. డాక్టరు కాబోయేవాడు ఆపరేషన్లు చూస్తూ పెరగడు. టీచరు కాబోయేవాడు మాత్రం చిన్నప్పటి నుంచీ టీచర్లను చూస్తూనే పెరుగుతాడు. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో రాసిన పుస్తకంలో దీన్ని లెక్కగట్టారు. బడి చదువు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి టీచర్లతో గడిపేది దాదాపు 13,000 గంటలు. ఆ గంటల ముందు శిక్షణ కాలేజీలో చదివిన రెండేళ్లు ఏపాటి? మన మాస్టారు ఎలా నిలబడేవారో అలా నిలబడతాం, ఎలా గద్దించేవారో అలా గద్దిస్తాం. మనం చూసింది ఆయన బల్ల ముందున్న పనిని మాత్రమే. ఆ పాఠం కోసం ఆయన రాత్రి ఏం ఆలోచించారో, ఏ పిల్లవాడి గురించి బెంగపెట్టుకున్నారో మనకు కనబడలేదు. అందుకని ఆ భాగం మనకు వారసత్వంగా రాలేదు.

ఆ కనబడని భాగాన్ని రాసి చూపించిన పుస్తకం గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన దివాస్వప్న. తెలుగులో పగటి కలగా దొరుకుతుంది. గిజుభాయి వకీలు వృత్తి వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరం మొదలుపెట్టారు. ఈ పుస్తకంలో ఒక కొత్త మాస్టారు నాలుగో తరగతిని ప్రయోగం కోసం తీసుకుంటాడు. చాలా చదువుకున్నాడు, చాలా ఆలోచించుకుని వచ్చాడు. మొదటి రోజే పిల్లలచేత మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతే తరగతి గోలగోలగా మారుతుంది. వేసుకున్న ప్రణాళిక మొత్తం నీరుగారిపోతుంది. పిల్లల్ని ఇంటికి పంపేసి, ఆ రాత్రి మళ్లీ ఆలోచించుకుని, మర్నాడు కథతో మొదలుపెడతాడు. పిల్లలు కదలకుండా వింటారు. ఈ పుస్తకాన్ని కథలు చెప్పమని, ఆటలు ఆడించమని చెప్పే పుస్తకంగానే మనవాళ్లు ఎక్కువగా చదివారు. నాకు అందులో అన్నిటికన్నా విలువైనది మొదటి రోజుకూ రెండో రోజుకూ మధ్య ఉన్న ఆ రాత్రి. పిల్లలు క్రమశిక్షణ లేనివాళ్లని నిందించి అతను పడుకుని ఉంటే పుస్తకం అక్కడే ఆగిపోయేది. నా అంచనాకూ ఈ పిల్లలకూ ఎక్కడ పొసగలేదు అని అతను అడిగాడు.

ఈ అడగడం గురించి సిద్ధాంతం లేకపోలేదు. జాన్ డ్యూయీ 1910లోనే ఆలోచన అనేది చిక్కుముడి ఎదురైనప్పుడు మొదలవుతుందని వాదించారు. 1983లో డొనాల్డ్ షోన్, నిపుణులు పని చేస్తూ ఎలా ఆలోచిస్తారు, పని అయ్యాక ఎలా ఆలోచిస్తారు అన్నదాని మీద పెద్ద పుస్తకమే రాశారు. మన దేశంలో 2009 నాటి ఉపాధ్యాయ విద్యా చట్రం టీచరును ఆలోచించే వృత్తినిపుణుడిగా తయారుచేయాలంది. వీటి వివరాల్లోకి పోను. శిక్షణ తరగతుల్లో వీటిని కావలసినంత చెబుతున్నాం. చెప్పి, ఆపై పాత తనిఖీ పద్ధతినే నడుపుతున్నాం.

సహోద్యోగుల సంగతికి వస్తాను. ఒంటరిగా చేసుకునే పరిశీలన కొంతదూరం పోయి ఆగుతుంది. మనకు అలవాటైపోయింది మన కంటికి ఆనదు. జపాన్ బడుల్లో చాలాకాలంగా ఒక పద్ధతి ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు. వాళ్లలో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు తరగతిలో నిలబడి చూస్తారు. వాళ్ల చూపు పిల్లల మీద ఉంటుంది. ఫలానా పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడు, ఫలానా పాప ఏ బొమ్మ గీసి చెరిపేసింది అని రాసుకుంటారు. తర్వాత కూర్చుని పాఠాన్ని మార్చుకుంటారు. ఒక్కోసారి మార్చిన పాఠాన్ని ఇంకొకరు వేరే తరగతిలో చెప్పి చూస్తారు. పాఠం అందరిదీ కాబట్టి విమర్శ ఎవరి నెత్తినా పడదు. 1999లో స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకం ద్వారా ఇది బయటి దేశాలకు బాగా తెలిసింది.

మనకు ఇలాంటి వేదిక కొత్తదేం కాదు. స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. 1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు వచ్చినప్పుడు దగ్గర దగ్గర బడుల టీచర్లు కలుసుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పాటు చేశారు. తర్వాత అవే కాంప్లెక్స్ సమావేశాలుగా కొనసాగాయి. ఇప్పుడు ఆ సమావేశంలో ఏం జరుగుతోంది? సర్క్యులర్లు చదువుతారు, ఫార్మాట్లు నింపుతారు, ఒకరు మోడల్ లెసన్ చెబుతారు. మోడల్ లెసన్ చెప్పేవారు తమ దగ్గరున్న మంచి పాఠమే తెస్తారు, రంగుల చార్టులు తెస్తారు. పిల్లల స్థానంలో టీచర్లు కూర్చుని పిల్లల్లా జవాబులు చెబుతారు. అందరికీ అన్నీ వచ్చిన తరగతి అది. చప్పట్లు కొడతారు, టీ తాగుతారు. ఇందులో టీచర్ల తప్పు నాకు కనబడదు. చిక్కుపడిన పాఠాన్ని, కుదరని పాఠాన్ని తెమ్మని వాళ్లను ఎవరూ ఎన్నడూ అడగలేదు.

రామమూర్తిగారు చేసిన ఇంకో పని ఇక్కడ చెప్పాలి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తాను నేర్చుకోవాలని ఆయన అనుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. సవర భాషలో పుస్తకాలు తయారుచేశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. పిల్లవాడు మౌనంగా ఉంటే వాడికి రాదని తేల్చేయకుండా, నా మాట వాడికి చేరుతోందా అని అడిగే బుద్ధి ఇది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైందంటే దాని వెనక ఈ ఆలోచన ఉంది. ఇవాళ ఇది కొండ ప్రాంతానికే పరిమితమైన ప్రశ్న కాదు. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలకు ఇంగ్లీషులో సైన్సు చెబుతున్నాం. మీడియం ఏది ఉండాలన్న వాదన వేరే వేదికది. ఇప్పుడు మన తరగతిలో ఉన్న పిల్లవాడు నోరు విప్పకపోతే, వాడికి తెలియనిది సైన్సా, భాషా అన్నది తేల్చుకోవడం మాత్రం మన పని. అదే ప్రశ్నను తెలుగులో అడిగి చూస్తే ఆ పూటే తేలుతుంది.

మీరు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: సమయం ఏది? ఒకే టీచరు అయిదు తరగతులూ చూసుకునే బడులు ఉన్నాయి. హాజరు యాప్‌లో పెట్టాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, ఫొటోలు ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాక ఇంకో డైరీ రాయమంటే అది కూడా మొక్కుబడిగానే మారుతుంది. కాబట్టి ఇంకో రిజిస్టరు పెట్టమని నేను ప్రభుత్వాన్ని కోరడం లేదు. ఉన్నవాటిలో కొన్ని తీసేయమని కోరుతున్నాను. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తిపర అభివృద్ధి అవకాశం ఉండాలంది. ఆ గంటలు తెర ముందు కూర్చుని వీడియోలు చూడడానికీ, చివర క్విజ్ నొక్కి సర్టిఫికెట్ దించుకోవడానికే ఖర్చయితే దండగ. అందులో పది గంటలు టీచర్ల చేతికి వదిలేయండి. పిల్లల పుస్తకాలు ముందేసుకుని మాట్లాడుకోనివ్వండి. ఆ గదిలోకి తనిఖీ అధికారి హోదాలో ఎవరూ రాకూడదు. ఎంఈఓగారు రాదలిస్తే ఒక తరగతి పిల్లల పుస్తకాలు పట్టుకుని టీచరులా రావాలి.

ఆ గంట ఎలా గడపాలో కూడా నాకు ఒక ఆలోచన ఉంది. ఒక టీచరు ఒక్క తరగతి పుస్తకాలు తెస్తారు. ఒకే లెక్క, లేదా ఒకే ప్రశ్నకు రాసిన జవాబులు. మిగతావాళ్లు తలా నాలుగు పుస్తకాలు తీసుకుని, ఎర్ర పెన్ను జేబులో పెట్టేసి చదువుతారు. మొదటి అరగంట ఈ పిల్లవాడు ఏం చేశాడు అన్నదే మాట్లాడాలి. టీచరు ఏం చేసి ఉండవలసింది అన్న మాట ఆ అరగంటలో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తారంటే ఆ పుస్తకాలు తెచ్చిన టీచరు సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతారు, ఇక చర్చ చచ్చిపోతుంది. ఒకే రకం తప్పులు ఉన్న పుస్తకాలను ఒక దొంతరగా పెట్టాలి. దొంతరలు నాలుగో అయిదో అవుతాయి, ముప్ఫై ఎప్పటికీ కావు. అది చూశాక రెండో అరగంటలో, ఈ దొంతర పిల్లలకు రేపు ఏం చేయిద్దాం అని ఆలోచించవచ్చు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నవారికి ఆ గంట దొరకకపోతే, నమ్మకమైన ఒక స్నేహితుడికి ఫోన్లో రెండు పేజీల ఫొటో పంపి, వీడు ఇలా ఎందుకు రాశాడంటావు అని అడిగినా సగం పని అవుతుంది.

మినిట్స్‌లో ఏ టీచరు పేరూ, ఏ పిల్లవాడి పేరూ రాయనక్కర్లేదు. ఏ పాఠం, పిల్లలు ఏం చేశారు, వచ్చే నెలలోపు ఏం మార్చి చూస్తాం, ఈ మూడూ ఉంటే చాలు. వచ్చే నెల కాంప్లెక్స్ సమావేశానికి మీలో ఎవరైనా అలా ఒక తరగతి పుస్తకాలు పట్టుకొస్తే నాకు కబురు పెట్టండి. నా వంతు నాలుగు పుస్తకాలు చదవడానికి నేనూ వస్తాను.